తొమ్మిదో నంబరు సాంచా

నేను సూరత్ వెళ్లింది ఊరు చూడ్డానికి కాదు, మా తమ్ముణ్ని ఇంటికి పట్టుకురావడానికి. తొంభైల చివర్లో ఒక వేసవి సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు రాజమల్లు.

"అక్కా, మా సాంచాలు పాత ఇనుము కింద భంగారుకు పోతున్నయ్. చైనా నుంచి వేరేయి దిగినయ్. ఇరవై మందిల ఆరుగురినే పెట్టుకుంటరట. శనివారం పరీక్ష."

సాంచా అంటే మా సిరిసిల్లలో మరమగ్గం. పద్దెనిమిదేళ్లుగా వాడికి వచ్చిన పని అదొక్కటే. పరీక్ష ఎలాగూ గట్టెక్కడని నేనే తీర్మానించేశాను. నేను పాఠం చెప్పే బడి పక్కనే ఉన్న పుస్తకాల దుకాణంలో వాడికి పని మాట్లాడి, తిరుగు ప్రయాణానికి నాకూ, వాడికీ, వాడి భార్యాబిడ్డలకూ కలిపి నాలుగు టికెట్లు కూడా తీయించాను. నా తొందర అలాంటిది.

గురువారం మధ్యాహ్నం సిరిసిల్లలో బస్సెక్కి, కరీంనగర్లో మారి, చీకటి పడేసరికి రామగుండం చేరాను. అహ్మదాబాద్ బండి అరగంట ఆలస్యం. ఎదురు బెర్తులో జగిత్యాల ముసలాయన పరిచయమయ్యాడు. ఇద్దరు కొడుకులూ సూరత్‌లోనేనట.

"జర పైలం బిడ్డా, ఆడ దిగంగనే ఆటోవాళ్లు మీద పడ్తరు" అన్నాడు. పొద్దున జలగావ్‌లో అరటిపళ్లు కొని సగం నా ఒళ్లో పెట్టాడు. డబ్బిస్తానంటే కోప్పడ్డాడు. సూరత్‌లో మూడింటికి దిగాక ఉధ్నా దాకా పది రూపాయలకు ఆటో మాట్లాడి, నన్ను ఎక్కించాకే తన దారిన వెళ్లాడు.

ఉధ్నాలో తమ్ముడి ఇల్లు ఒకే గది. నేను గడపలో అడుగు పెట్టకముందే వాడి కూతురు స్వప్న "అత్తా, కేమ్ ఛో?" అని గుజరాతీలో పలకరిస్తూ వచ్చి నడుం చుట్టేసింది. గది మూలన గోనెసంచి మూతి కట్టేసి ఉంది. మరదలు లలిత గిన్నెలన్నీ అప్పుడే సర్దేసిందన్నమాట.

"పోవుడు తప్పదని ఎర్కయినంక ఇంకేంది వదినా" అందే గాని మొహం అటు తిప్పుకుంది. స్వప్నకు ఇక్కడి బడి, ఇక్కడి నేస్తాలు. మా ఊరు పిల్లకు సెలవుల్లో వచ్చే చోటు మాత్రమే. అది నాకు తట్టనందుకు సిగ్గేసింది.

శనివారం పొద్దున ఎనిమిదింటికి తమ్ముడితో పాటు పాండేసరలో వాడు పనిచేసే కార్ఖానా దాకా నడిచాను. కార్ఖానాలో పన్నెండు ఆకుపచ్చ యంత్రాలు. దారం మోస్తూ అటూ ఇటూ పరిగెత్తే నాడె లేని మగ్గాలవి. వాటి మధ్య నీలం చొక్కా వేసుకుని యాభై దాటిన మనిషి ఒకాయన ఉన్నాడు. యంత్రాలతో పాటు చైనా నుంచి వచ్చిన ఫిట్టర్, పేరు చెన్. మావాళ్లందరికీ ఆయన 'చీనా మామ'. చెన్ ఇంగ్లీషును యజమాని సేఠ్‌కి విడమరిచి చెప్పే సేఠ్ కొడుకు ఆ రోజు బొంబాయిలో ఉన్నాడు. వెంటనే మా తమ్ముడు "మా అక్క టీచరు, ఇంగ్లీషొస్తది" అని హిందీలో చెప్పేశాడు. నాది ఐదో తరగతికి చెప్పే ఇంగ్లీషు. అదృష్టం కొద్దీ చెన్ గారిది ఇంకా రెండు తరగతులు కింద.

పరీక్ష తొమ్మిదో నంబరు యంత్రం మీద. చెన్ దారం తెంపుతాడు. పనివాడు ముడేసి, సన్నటి హుక్కుతో దారాన్ని పింగాణీ కన్నంలోంచి లాగి, మళ్లీ నడిపించాలి. మా వాడు ముడి క్షణంలో వేశాడు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ల అలవాటు వాణ్ని ముంచింది. పాత మగ్గాల మీద నాడెలోకి దారం ఎక్కించడానికి నోటితో పీల్చేవాడు కదా, హుక్కు పక్కన పెట్టేసి ఆ కన్నానికి మూతి ఆనించి పీల్చాడు.

కార్ఖానా అంతా గొల్లుమంది. "యే తో పురానా ఆద్మీ హై" అని, పాత పద్ధతి మనిషి పనికిరాడన్నట్టు సేఠ్ చెయ్యి ఊపేశాడు. తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. ఇంట్లో మూలనున్న గోనెసంచి నా కళ్ల ముందు మెదిలింది. అయిపోయింది, ఇక పదరా అనుకున్నాను.

చెన్ ఒక్కడే నవ్వలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుని వంగి, అదే కన్నానికి తనూ నోరు పెట్టి దారం పీల్చాడు. పై పెదవి ఎత్తి ముందు పన్ను చూపించాడు. దారం కొరికీ కొరికీ దానికి చిన్న గాడి పడింది. మా తమ్ముడు బిత్తరపోయి తనూ పెదవి ఎత్తాడు. వాడి పంటికీ అలాంటి గాడే!

ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది నేను సేఠ్‌కి నా హిందీలో చెప్పాను: "హుక్కు ఒక్క రోజులో నేర్పుతాడట. ఇలాంటి ముడి నేర్పాలంటే ఇరవై ఏళ్లు పడుతుందట."

సేఠ్ కాసేపు గడ్డం గోక్కుని, "ఠీక్ హై, రఖ్ లో" అన్నాడు. తమ్ముడి పని నిలిచినందుకు నాకు ఏడుపొచ్చింది. తీరా బయటికొస్తే, పని దొరకని పద్నాలుగు మంది గోడ నీడన కూర్చుని ఉన్నారు. ఒకరు భీవండి మగ్గాలకు పోతానంటున్నారు, ఒకరు రంగుల మిల్లులో అడుగుతానంటున్నారు. నా సంతోషం ముఖంలో కనిపించకుండా తల దించుకుని వాళ్లను దాటాను.

ఆదివారం చెన్‌ను వెంటబెట్టుకుని అందరం సిటీ బస్సులో డుమస్ సముద్రతీరానికి వెళ్లాం. వేడివేడి టమాటా భజియాలు తింటూ ఆయన మెల్లగా తన సంగతి చెప్పాడు. పదహారో ఏట సర్కారు మిల్లులో చేరాడట. భార్యదీ అక్కడే పని. బతికున్నంత కాలం అదే అనుకున్నారు. ఒకరోజు మిల్లుకు తాళం వేసి, ఇంటికెళ్లి కబురు కోసం చూడమన్నారు. ఇప్పుడు ఆమె రోడ్డు పక్కన ఆవిరి రొట్టెలు అమ్ముతోంది. మిల్లు యంత్రాలు అమ్మేస్తే, వాటిని బిగించడానికి ఈయన వాటి వెంట వచ్చాడు. తొమ్మిదో నంబరు ఆయన పదకొండేళ్లు నడిపిన యంత్రమే.

"దీని తర్వాత?" అన్నాను.

"ఇంకెక్కడైనా యంత్రాలు బిగించమని టెలిఫోన్ వస్తే వెళ్తాను. రాకపోతే ఇంట్లో" అని ఖాళీ అరచెయ్యి తెరిచి చూపించాడు.

నేను తెలుగులో చెప్పగానే తమ్ముడు తన భజియాల పొట్లం ఆయన ముందుకు జరిపాడు. "గీయన బతుకు గూడ మన తీర్గనే ఉన్నదక్కా" అన్నాడు.

సోమవారం పదిన్నరకు నా బండి. ముందురోజే మూడు టికెట్లు రద్దు చేయించాను. లలితతో కలిసి స్టేషన్‌కు వెళ్తూ, కృతజ్ఞత చెప్పి వద్దామని కార్ఖానా దగ్గర ఆటో ఆపించాను. తొమ్మిదో నంబరు దగ్గర మా తమ్ముడు, పక్కనే చెన్. నేను చూస్తుండగానే దారం తెగింది. ఇద్దరి చేతులూ ఒక్కసారే ముందుకెళ్లాయి. చెన్ ఆగి, తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని నిలబడ్డాడు. నేను నేర్చుకుని వెళ్లిన ఇంగ్లీషు వాక్యం పక్కన పెట్టి దండం పెట్టాను. ఆయన కూడా చేతులు విప్పి నాలాగే దండం పెట్టాడు.

స్టేషన్లో లలిత నవ్వుతూ ఖాళీ గోనెసంచి మడిచి నా చేతికిచ్చింది. "ఇగ నాకెందుకు వదినా, కొండవోయి వడ్లకు వాడుకో" అంది.

బండి కదిలాక పక్క సీటామె నా ఒడిలోకి చూసింది. మంచిర్యాల మనిషట.

"సూరత్ వచ్చినోళ్లు చీరెలు కొండవోతరు గాని, నువ్వేందమ్మా ఉత్త సంచి కొండవోతున్నవ్?"

నవ్వాను. భుసావల్ దాకా ఆమెకు చెన్ గారి గురించే చెప్పాను. నేను ఒక మనిషిని ఇంటికి తేవడానికి నాలుగు టికెట్లు పట్టుకుని వెళ్లాను. తన మగ్గం మా వాడి చేతికిచ్చి, తన చెయ్యి వెనక్కి తీసుకున్నవాడికి మాత్రం తిరిగి వెళ్లడానికి మగ్గం లేదు. అంతా విని ఆమె అడిగింది.

"ఆయనకు ఫోనొచ్చిందా మరి?"

ఏమో. రావాలని సంచి గుండెకు హత్తుకుని ఊరు చేరేదాకా మొక్కుకుంటూనే ఉన్నాను.