కంచెకు కొట్టిన చెక్క

మైమూనా మా పక్కింటి మనిషి. డెబ్భై దాటినా ఆదివారం పొద్దున్నే కూసిస్టర్లనే తీపి ఉండలు వేయించి, పాకంలో ముంచి, కొబ్బరి అద్ది వీధంతా పంచేది. నాలుగేళ్ళుగా నా పళ్ళెం మాత్రం ఆగిపోయింది. మాటలూ ఆగిపోయాయి.

అంతా మా ఒడ్డున తిరిగే ఆ పెంగ్విన్‌ల వల్లే. సముద్రంలోంచి ఆమె పెరట్లోకి వచ్చి, కంచెలో కన్నం గుండా నా పెరట్లో బోర్లించిన పడవ కిందకి దూరి గూడు పెట్టుకునేవి. గాడిదల్లా ఒకటే ఓండ్ర పెట్టడం. కంపు సంగతి చెప్పక్కర్లేదు. కన్నం మూసెయ్యమన్నాను.

"అవి నడిచే దారి. మూయడానికి నేనెవర్తిని?" అంది. నేను నోరు పారేసుకున్నాను.

ఆ డిసెంబరులో ఆమె హజ్‌కు సిద్ధమైంది. వెళ్ళేముందు ఇంటింటికీ పోయి, తెలిసీ తెలియక చేసిన తప్పులకు మన్నింపు అడగడం వాళ్ళ ఆనవాయితీ. ఒక్కరు మిగిలిపోయినా మనసులో బరువుతోనే ప్రయాణం. తూకం దగ్గర ఎప్పుడో పోట్లాడిన చేపలవాణ్ణి కూడా వెతుక్కుంటూ వెళ్ళింది. నేను రోజూ ఉతికిన చొక్కా వేసుకుని, టీకి నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. రాలేదు. నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చినంత పనైంది.

ప్రయాణం రోజు చుట్టాలంతా ముందే విమానాశ్రయానికి పోయారు. ఆమె కొడుకు రషాద్, మా ఊళ్ళో అందరిలాగే, కారు తీసేముందు వంగి కింద చూశాడు. వెనక చక్రానికి ఆనుకుని పెంగ్విన్ ఒకటి ఈకలు రాలుస్తూ కూర్చుంది. ఈకలు రాల్చే మూడు వారాలూ అది నీళ్ళలోకి దిగదు, తిండి తినదు. చట్టం ప్రకారం దాన్ని ముట్టుకోకూడదు.

"టాక్సీ పిలవనా అమ్మా?"

"అది వచ్చేలోపు విమానం సముద్రం దాటుతుంది," అన్నాను కంచె ఇవతల నుంచి. "నా బండెక్కండి."

తల్లీకొడుకులిద్దరూ ఎక్కారు. విమానాశ్రయం దగ్గర నేను పెట్టె దించుతుంటే మైమూనా అంది:

"ఐజాక్, నన్ను మన్నించు."

"దేనికి? ఆ కన్నానికా?"

"కన్నం మూయనన్నందుకు కాదు, అదడక్కు. నీ గడప తొక్కనందుకు."

"ఎందుకు తొక్కలేదూ?"

"వస్తే నేనూ నిన్ను మన్నించాలి. నా వల్ల కాలేదు. నువ్వు గుడ్లు పూడ్చడం కిటికీలోంచి చూశాను."

పెట్టె కింద పెట్టాను. నాలుగేళ్ళ కిందట, ఆమె అక్క ఇంటికి వెళ్ళిన వారం చూసి, కన్నానికి చెక్క కొట్టాను. చేపలకు వెళ్ళిన పెంగ్విన్ తిరిగొచ్చి నాలుగు రోజులు చెక్క అవతలే నిలబడి అరిచింది. ఇవతల పొదుగుతున్నది ఆకలికి ఆగలేక వీధి గేటు గుండా వెళ్ళిపోయింది. రెండు గుడ్లూ చల్లబడితే పూడ్చేశాను. ఆమె ముందే తిరిగొచ్చిందని తెలియక, ఎవరూ చూడలేదనుకున్నాను.

"తప్పు చేశాను మైమూనా."

ఆమె నా చొక్కా కాలర్ సర్దింది.

"మన్నించాను. ఇక పో, అందరూ చూస్తున్నారు."

ఇంటికొచ్చి, బట్టలైనా మార్చకుండా, కంచెకు ఇంకా ఉన్న ఆ చెక్క మేకులు పీకాను.

ఆమె తిరిగొచ్చాక రెండు నెలలకు, ఒక ఆదివారం, కంచె మీదుగా పళ్ళెం వచ్చింది.

"రెండెక్కువ పెట్టాను," అంది మైమూనా. "నిద్ర ఉండటం లేదటగా?"

నేను జవాబిచ్చేలోపే పడవ కింద ఓండ్ర మొదలైంది.