బొమ్మల బాబాయి, కంటైనర్లో పిల్లి

మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో బాబాయికి బొమ్మ గీయందే ఏదీ అర్థం కాదు. ఆయన ఎవరికీ బాబాయి కాదు, అందరికీ బాబాయే. "లిఫ్ట్ పాడైంది, మెట్లెక్కండి" అంటే చాలు, "ఉండు, గీసి చూద్దాం" అంటూ పెన్సిల్ తీసేవాడు. మెట్లు గీసి, వాటి మీద తనను గీసుకుని, ఆయాసం కూడా గీసుకుని, అప్పుడు ఎక్కేవాడు.

పదేళ్ళు పిల్లల్ని పెంచి మళ్ళీ ఉద్యోగంలో చేరిన నాకు ఆయన పక్క సీటు ఇచ్చారు. మూడు నెలల గడువు. ఆలోపు కంటైనర్లు నేర్చుకోవాలి, లేదంటే ఇంటికే. నాకేమో కంటైనరంటే ఓడల మీద వెళ్ళే ఇనప పెట్టె!

"అదే అనుకో, తప్పేముంది?" అన్నాడు బాబాయి. బయట వాన. ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో ఒక గది గీశాడు. మంచం, దీపం, మంచం మీద పిల్లి. "ప్రోగ్రాంకి కావలసినవన్నీ సర్దిపెట్టిన గది ఇది. గదిని గదిలాగే ఎత్తి ఏ కంప్యూటర్లో దింపినా దీపం వెలుగుతుంది, పిల్లి నిద్ర చెడదు."

"మధ్యలో పిల్లెందుకు బాబాయిగారూ?"

"పిల్లి లేకపోతే నాకు అర్థం కాదమ్మా."

ఆవిరి పట్టినప్పుడల్లా అద్దం మీద ఆ గీతలు మళ్ళీ తేలేవి. అద్దం వెనక మబ్బులు కదులుతుంటే ఆ గది కూడా మెల్లగా తేలిపోతున్నట్టుండేది. పని మానేసి నేనూ దాంతోపాటు తేలిపోయేదాన్ని. ఇంట్లో కూరలు తరుగుతూ కూడా ఆ పిల్లి లేచిందో లేదో అనుకునేదాన్ని. నా పిచ్చి గానీ!

గడువు చివరి వారంలో కొత్తగా వచ్చిన టీమ్ లీడర్ గడగడా పాఠం చెప్పేశాడు. "మూస ఒకటే. అందులోంచి ఎన్ని కంటైనర్లయినా తీస్తాం. పాతది పారేసి కొత్తది తీస్తాం. సందేహాలున్నాయా?"

నాకుంది. పారేస్తే లోపలి సమాచారం ఏమవుతుంది? అడిగితే "ఇదీ తెలీదా" అంటారేమో. సోమవారం మేనేజర్ మేడమ్ ముందు నేనొక్కదాన్నే ఇదంతా చేసి చూపించాలి. అయినా తల వంచుకుని ఏదో రాసుకుంటున్నట్టు నటించాను.

"నాకు అర్థం కాలేదు బాబూ" అంటూ బాబాయి లేచాడు. "గదిని పారేస్తే పిల్లి గతేంటి?"

అందరూ గొల్లుమన్నారు. లీడర్ తల పట్టుకున్నాడు. "లోపలున్నదంతా పోతుందండీ! పోకూడనిది బయట వేరేచోట దాచి, దానికి దారి కలపాలి."

బాబాయి బోర్డు మీద గది పక్కనే వసారా గీశాడు. మధ్యలో తలుపు పెట్టి, పిల్లిని ఎత్తుకెళ్ళి వసారాలో పడుకోబెట్టాడు. హమ్మయ్య అనుకున్నాను.

సోమవారం సమాచారాన్ని బయట దాచి, దారి కలిపి, కంటైనర్ పారేసి కొత్తది తీశాను. సమాచారం ఒక్క ముక్క పోలేదు. ఉద్యోగం ఖాయమైంది. "బాబాయిగారి పక్కన కూర్చుంటే రాకేం చేస్తుంది?" అని మేడమ్ నవ్వింది. "అసలీ కంటైనర్లు మన ఆఫీసుకి తెచ్చిందే ఆయన."

నేను తిన్నగా వెళ్ళి నిలదీశాను. "అన్నీ తెలిసుండి, అందరిముందూ నవ్వులపాలవుతారా?"

"నవ్వితే నవ్వనీ, అరిగిపోతానా?"

"అయినా నా సందేహం మీకెలా తెలిసింది?"

"ఏదైనా అర్థం కాకపోతే కాళ్ళకి చెప్పులుంచుకోవు కదమ్మా నువ్వు. ఆ రోజు రెండూ విప్పేశావు."

"ఛ, అలాంటి అలవాటు నాకేం లేదు!" అని హుందాగా వెనుదిరిగాను. నాలుగడుగులు వేశాక గానీ తెలియలేదు, పాదాలకు నేల చల్లగా తగులుతోందని.