మా అమ్మాయి ఉప్పునీళ్ళ తొట్టె

మా అమ్మాయి పోయిందన్న కబురు నాకు హాస్టల్ వంటశాలలో తెలిసింది. మధ్యాహ్నం పిల్లలకు పప్పు వడ్డిస్తున్నాను. ముంచింగిపుట్టు వైపు నుంచి వచ్చిన జీపు డ్రైవరు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. "ఏటి బాబూ, బువ్వ తింటావా?" అని అడిగాను. అతను తల దించుకున్నాడు. అక్కడి బడికి పదిరోజుల పని మీద వెళ్ళిన మా అమ్మాయికి జ్వరం వచ్చిందని, అది తలకెక్కిందని, ఆసుపత్రికి తెస్తుంటే దారిలోనే ప్రాణం పోయిందని చెప్పాడు. దానికి ఇరవై ఆరేళ్ళు. నా చేతిలో గరిటె ఉంది. ఆ వరసలో ఇంకా నలుగురు పిల్లలకు పప్పు వెయ్యాలి. వేశాను. ఎలా వేశానో నాకిప్పటికీ తెలీదు.

నేను అయిదో తరగతి దాకా చదివినదాన్ని. అరకు దగ్గర గిరిజన పిల్లల హాస్టల్లో వంట చేస్తాను. మా ఆయన అమ్మాయి చిన్నప్పుడే పోయాడు. దాన్ని వంటశాల గట్టుమీద కూర్చోబెట్టుకుని చదివించాను. చివరికి ఆ హాస్టల్ పిల్లల బళ్ళోనే టీచరయ్యింది. సంతాపసభలో పెద్దవాళ్ళు దాని పాఠాల గురించి మంచి మాటలు చెప్పారు. నాకు చెప్పాలనిపించింది మాత్రం మా ఇంటి ముందుగదిలో ఉన్న తొట్టె గురించి. అక్కడ నోరు పెగల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటాక, ఉద్యోగం వచ్చిన కొత్తలో అది రెండడుగుల గాజు తొట్టె ఒకటి కొంది. ముందు అందులో మంచినీళ్ళే, ఎర్ర గోల్డ్ ఫిష్‌లే. బళ్ళో కరెంటు లేదు, అందుకని తొట్టె మా క్వార్టర్లో పెట్టింది. పిల్లలు వరసగా వచ్చి చూసి వెళ్ళేవారు. ఒకరోజు మూడో తరగతి గుంట ఒకత్తి అద్దానికి ముక్కు ఆనించి అడిగింది.

"టీచర్, సముద్రంలో ఇయ్యే ఉంటాయా?"

"ఇవి ఉండవే. ఉప్పునీళ్ళలో ఇవి బతకవు."

"మరి ఆ నీళ్ళలో ఎలాటియి బతుకుతాయి? సూపించు."

మా అమ్మాయి దగ్గర చూపించడానికేమీ లేదు. ఆ సాయంత్రం అన్నం కలుపుతూ నాతో అంది, "అమ్మా, తొట్టె మార్చేత్తాను. సముద్రపు నీళ్ళు పోత్తాను."

"ఓలమ్మా, చేపల్ని ఊరబెడతావేటే?" అన్నాను.

నవ్వింది. కానీ దాని మనసులో ఒక మాట పడితే ఇంక తీసేవాళ్ళు లేరు. గోల్డ్ ఫిష్‌లని హాస్టల్ వెనక సిమెంటు గోళెంలోకి మార్చింది. అడుగున ఉన్న గెడ్డ వాగులో ఏరిన రాళ్ళు తీసేసి, గవ్వల ముక్కలు కలిసిన ఇసుక తెచ్చి పోసింది. దానికీ ఏమీ తెలీదు. విశాఖపట్నంలో చేపలు అమ్మే కొట్టతన్ని అడిగి అడిగి నోటుబుక్కులో రాసుకొచ్చేది. మన బస్తా ఉప్పు కలిపేస్తే సరిపోతుంది కదా, ఇంత కష్టమెందుకని నేనంటే, "ఆ ఉప్పు కూరకేనమ్మా. సముద్రంలో ఇంకా ఎన్నో ఉంటాయి" అనేది. అక్కడ జాలర్ల పేటలో ఒకామెను మాట్లాడుకుంది. వాళ్ళ పడవ లోపలికి వెళ్ళినప్పుడు కేన్లు నింపించి, ఘాట్ రోడ్డు మీద బస్సులో వాటిని ఒళ్ళో పసిపిల్లల్లా పట్టుకుని తెచ్చేది.

నీళ్ళు వచ్చిన ప్రతిసారీ నేను వేలు ముంచి నాలిక మీద వేసుకునేదాన్ని. రెండువందల మంది పిల్లలకు వండే చెయ్యి, ఉప్పు చూడకుండా ఉండలేదు.

"సముద్రాన్ని పులుసు సూసినట్టు సూత్తావేటమ్మా! అందుకే గదా ఇది కొన్నాను" అని ఒక గాజు గొట్టం చూపించేది. దాన్ని నీళ్ళలో వదిలితే నిలువుగా తేలుతుంది. ఉప్పు సరిగా ఉంటే పచ్చ గీత దగ్గర ఆగుతుంది.

నీళ్ళు పోసిన వెంటనే చేపను వెయ్యలేదు, అవి కుదురుకోవాలట. నెల దాటే దాకా ఉత్త నీళ్ళూ, ఇసుకా, ఒక సముద్రపు రాయీ, గాలి మోటారు గుడగుడలూ. పిల్లలు వచ్చి ఖాళీ తొట్టె చూసి, "టీచర్, చేప దాగున్నాదా?" అనేవారు. నాకు సిగ్గేసేది. బేగి వేసెయ్యవే అనేదాన్ని. "తొందరపడితే సచ్చేది మనం కాదమ్మా, చేప" అనేది. ఆ మాట దాని నోట ఎన్నిసార్లు విన్నానో. పరీక్ష తప్పిన పిల్లలకీ, వాళ్ళను కొట్టబోయే తండ్రులకీ కూడా ఇంచుమించు అదే చెప్పేది. తెలీని సంగతి అడిగితే తెలీదనే చెప్పేది, తర్వాత కనుక్కుని వచ్చి మరీ చెప్పేది.

చివరికి చేప వచ్చింది. చిటికెన వేలంత. ఒళ్ళంతా నీలం, తోక పసుపు. పిల్లలంతా అద్దానికి ముక్కులు ఆనించారు. ఆఖరికి, మొదట సముద్రం సంగతి అడిగిన గుంటే అంది, "ఇంత మంచిదాన్ని అంత ఉప్పులో ఎవలేసినారు టీచర్?"

అప్పటినుంచి నేను ప్రాణం అరచేతిలో పెట్టుకుని బతికాను. కరెంటు పోతే మోటారు ఆగేది. మోటారు ఆగితే మా అమ్మాయి చెంబుతో నీళ్ళు ముంచి పైనుంచి పోస్తూ కూర్చునేది. డిసెంబరులో మా దగ్గర గడ్డిమీద మంచు తెల్లగా పేరుకుంటుంది. వేడి చేసే కడ్డీ చాలదేమోనని నేను తొట్టె చుట్టూ గొంగళి కప్పాను. "చేపకి జలుబు సేత్తాదేటి? ముక్కెక్కడున్నాదో సూపించు, తుడుత్తాను" అని ఏడిపించింది. కానీ గొంగళి తియ్యలేదు.

ఆ చలికాలంలోనే శిక్షణకని వారం రోజులు పాడేరు వెళ్ళింది. గోడకు కాగితం అంటించింది. పొద్దుట చిటికెడు మేత. మోటారు ఆపకూడదు. మూడోది ఎర్ర సిరాతో రాసింది: మంచినీళ్ళు ఒక్క చుక్క కూడా పొయ్యకూడదు.

రెండోరోజుకే తొట్టెలో నీళ్ళు వేలెడు తగ్గాయి. కడ్డీ వేడికి ఆవిరైపోతున్నాయి. కేనులో సముద్రపు నీళ్ళు ఉన్నాయి కదా, అవే పోశాను. మర్నాడు మళ్ళీ పోశాను. దాని కాగితం ప్రకారమే చేస్తున్నానని ధైర్యంగా ఉన్నాను. ఆరోరోజు పొద్దున చూస్తే అద్దం అంచున తెల్లటి పెచ్చు కట్టింది. చేప మూలకు ఒరిగి, మొప్పలు గబగబా ఆడిస్తోంది. మేత వేస్తే కదల్లేదు.

ఆ గాజు గొట్టం ముట్టుకోవాలంటే భయం, పగిలితే మళ్ళీ కొట్టుకు పోవాలి. వేలు ముంచి నాలిక మీద వేసుకున్నాను. చేదెక్కేంత ఉప్పు. పొయ్యిమీద మరిచిపోయిన చారు అలాగే ఉంటుంది. అప్పుడు తట్టింది. మరిగిపోయేది నీళ్ళే గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. ఉన్న ఉప్పు మీద నేను రోజూ ఇంకా ఉప్పు పోస్తున్నాను.

చారయితే మంచినీళ్ళు పోసేస్తాను. కాగితం మీద ఎర్ర సిరా పొయ్యొద్దంటోంది. ఎస్‌టీడీ బూతుకు పరిగెత్తాను. పాడేరు లైను కలవలేదు. బూతతను "రేపు సూద్దారమ్మా" అన్నాడు. రేపటిదాకా అది బతుకుతుందా? అది చస్తే పిల్లలకు మా అమ్మాయి ముఖం ఎలా చూపిస్తుంది? పెద్ద చదువు చదివిన పిల్ల రాసిన మాట ఒకవైపు, నా నాలిక ఒకవైపు. ఇంటికొచ్చి ఊట నీళ్ళు కాచి చల్లార్చాను. గోరువెచ్చగా ఉండగా ఒక చిన్న గ్లాసు అంచు వెంబడి పోసి, దండం పెట్టుకున్నాను. చేప చావలేదు. అక్కడినుంచి బళ్ళో గంట కొట్టినప్పుడల్లా వంటశాల నుంచి ఇంటికి పరిగెత్తి ఒక్క గ్లాసు పోసి, మళ్ళీ పొయ్యి దగ్గరకు వచ్చేదాన్ని. అన్నం మాడిందని పిల్లలు గొణిగారు. ఆఖరి గంటకు చేప మూల వదిలి రాయి చుట్టూ తిరిగింది.

మా అమ్మాయి వచ్చి సంచి దించకముందే చెప్పేశాను. "మంచినీళ్ళు పోసేసాను నానా. తిట్టు."

మొహం పాలిపోయింది. గొట్టం నీళ్ళలో వదిలింది. అది ఊగి ఊగి పచ్చ గీత దగ్గర ఆగింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పించుకుంది. తర్వాత లేచి, కాగితం మీద మూడో మాట కొట్టేసింది. "తప్పు నాది. నాకు తెలీకుండా రాసేసాను. నువ్వు కాగితం నమ్ముంటే సచ్చిపోయేది ఇది" అంది. మర్నాడు పిల్లలందరి ముందూ ఆ సంగతి చెప్పి, "ఇది కనిపెట్టినాది మా అమ్మ" అంది. నేను కిటికీ బయట బియ్యం చేట పట్టుకుని ఉన్నాను. అంత మర్యాద నాకు జీవితంలో ఇంకెవరూ చెయ్యలేదు.

ముంచింగిపుట్టు వెళ్ళేటప్పుడు అసలు కాగితమే అంటించలేదు. "నీకు తెలుసు గదా" అంది. ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉన్నట్టు తగిలింది నా చేతికి. ఆగవే అన్నాను. ప్రయాణం హడావిడి వల్లేలే అనుకుని మళ్ళీ అనలేదు. చేప కోసం కాగితాన్ని కాదన్నదాన్ని, నా బిడ్డ దగ్గర నా చేతిని ఎందుకు నమ్మలేదు? ఇది ఎవరినడిగినా నీ తప్పు కాదనే అంటారు.

దినాలు అయ్యాక చూస్తే కేన్లు ఖాళీ. నీళ్ళు మార్చాల్సిన రోజు దాటిపోయింది. బళ్ళో పెద్ద టీచరమ్మ, "చేపను కొట్టుకి తిరిగిచ్చేద్దారమ్మా, నువ్వెక్కడ పడతావు" అంది. మంచికే అంది. నేను కేను పట్టుకుని పొద్దుటి బస్సెక్కాను. ఆ రోజు తెచ్చిన నీళ్ళలోనే చేప ఇప్పుడు తిరుగుతోంది, ఇది రాస్తుంటే.

నేను సముద్రం చూడడం అదే మొదలు. పేటలో అడుగుతూ వెళ్తే, వల బాగుచేస్తున్న ఒకామె నన్ను చూడకముందు కేనును చూసింది.

"అది టీచరమ్మ కేను గదా! నువ్వెవలివి?"

"వాళ్ళమ్మని."

"తను రాలేదేటి? పెళ్ళి గాని కుదిరినాదేటి? సెప్పనేదు సూడు, దొంగ గుంట!"

నేను చెప్పాను. ఆమె వల కింద పెట్టేసింది. లేచి, నా చేతిలో కేను తీసుకుని వాళ్ళాయనకు ఇచ్చింది. "అంచు నీళ్ళొద్దు. బాగా లోనికెళ్ళి తే" అంది.

పడవ వెళ్ళింది. అల లేచినప్పుడల్లా కనబడకుండా పోయేది. మళ్ళీ కనిపించేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. ఎప్పుడు నడిచానో తెలీదు, మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చేశాయి. కాళ్ళకింద ఇసుక జారిపోతోంది. వెనక్కి తిరిగి చూస్తే ఆమె కూడా నీళ్ళలోనే ఉంది. నా చీర చెంగు రెండు చుట్లు పిడికిలికి చుట్టి గట్టిగా పట్టుకుని, నాతోపాటు పడవ వైపు చూస్తోంది.