కనపడని ఏడు బస్తాలు

ఆ రోజుల్లో, అంటే మరీ పాత కాలమేం కాదు, చేతిలో కొత్త స్మార్ట్‌ఫోనూ తలలో కొత్త డిగ్రీ పొగరూ సమానంగా ఉన్న రోజుల్లో, స్ప్రెడ్‌షీట్ వచ్చినవాళ్లకి లోకంలో రానిది ఉండదని నా గట్టి నమ్మకం. నర్సీపట్నంలో జీడి రైతుల సంఘం ఆఫీసులో అప్పుడే చేరాను. (ఆఫీసంటే రెండు గదులూ ఒక ఫ్యానూ. ఆ ఫ్యాను సెక్రటరీ గారి వైపే తిరిగేది.) ఏటా రైతుల సమావేశంలో ఏ ఊరు ఎన్ని బస్తాల జీడిపిక్కలు తెచ్చిందో తెర మీద చార్టు వేసి చూపించడం అక్కడి ఆనవాయితీ. అంతకుముందు ఏడాది, పంట పోయిన ఒక ఊరి పేరు మీద సున్నా కనబడింది. ఆ ఊరి పెద్దాయన "అందరి ముందూ మాకు గుండుసున్నా సుట్టేత్తారా?" అని కండువా దులిపి, తనవాళ్లందరినీ ఆటోలెక్కించుకుని భోజనం కూడా చెయ్యకుండా వెళ్లిపోయారట.

అందుకే సెక్రటరీ గారు నాకు ముందే చెప్పేశారు. "సూడమ్మా, ఈసారి తెర మీద ఒక్క సున్నా కనబడకూడదు. ఎవరైనా లేచెళ్లిపోతే నీ ఉజ్జోగమూ లేసిపోద్ది." అంకెలు చెరిపేస్తే లెక్క పాడవుతుంది. చార్టు మీద ఒక్కొక్క సున్నానీ చేత్తో తీసేస్తే, అంకె మారిన ప్రతిసారీ పని మళ్లీ మొదటికొస్తుంది. గింజుకుని గింజుకుని, చివరికి నంబర్ ఫార్మాట్ అనే చోట దారి కనిపెట్టాను. అంకె ఉన్నచోటే ఉంటుంది, కంటికి మాత్రం కనబడదు! ఆ సాయంత్రం నా నడకే మారిపోయింది. సెక్రటరీ గారు మురిసిపోయి, "ఆ సిన్నసిన్నయి కూడా తీసీ, గజిబిజిగా ఉన్నాయి" అన్నారు. [<10]"";0 అని కొట్టాను. పదిలోపు అంకెలన్నీ మాయం.

సమావేశంలో చార్టు పడగానే పెద్దాయన తమ ఊరి పేరు వెతుక్కుని, సున్నా లేదని చూసి, తృప్తిగా కాళ్లు చాపుకున్నారు. నేను గాల్లో తేలిపోతున్నాను. అంతలో ఏజెన్సీ కొండల నుంచి వచ్చిన ఒక పిన్ని లేచి నిలబడింది. వాళ్ల ఊరు సంఘంలో చేరింది ఆ ఏడాదే.

"మా ఏడు బస్తాలు ఏటైపోనాయమ్మా? గుట్ట మీంచి నెత్తిన మోసుకొచ్చినాం. మీ లెక్కలో మేం ఏటీ తేనేదా?"

ఆమెతో వచ్చినవాళ్లూ సంచులు తీసుకుని లేచారు. సెక్రటరీ గారి మొహం పాలిపోయింది. నా ఉద్యోగం కూడా వాళ్ల వెంటే గుమ్మం దాకా వెళ్లింది.

"కూర్చో పిన్నీ, ఇప్పుడే పిలుస్తాను వాటిని" అన్నాను. (ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ ధైర్యం!) ఫార్మాట్‌లో పది చెరిపి ఒకటి కొట్టాను. చార్టులో వాళ్ల ఊరి చిట్టి కడ్డీ నెత్తిన 7 ప్రత్యక్షమైంది. సున్నాలు మాత్రం బుద్ధిగా దాక్కునే ఉన్నాయి. హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది ఆ పెద్దాయనే. పిన్ని తన ఫోను నా చేతిలో పెట్టి, వెళ్లి తెర పక్కన నిటారుగా నిలబడి, "బేగి తియ్యమ్మా ఫోటో, మళ్లీ ఎల్లిపోద్దేమో" అంది.

ఇప్పుడు చార్టులు వేసేది నా కింద పనిచేసే పిల్లలు, నాకంటే అందంగా వేస్తారు. నేను మాత్రం కళ్లద్దాలు సర్దుకుని "చిన్నవాళ్లేరీ?" అని వెతుకుతుంటే చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీండి. ఆ ఏడు కనబడ్డప్పుడు పిన్ని మొహం చూసినదాన్ని నేను. ఆ ఫోటో ఆవిడ ఫోనులోనే ఉండిపోయింది. నాకో కాపీ పంపమని అడగాలని తోచనే లేదు, అంత గర్వంలో ఉన్నాను మరి.