గార్డుగారి తొర్రచెట్టు

మా పక్కింటి గార్డుగారు పోయిన వారం కన్నుమూశారు. పొద్దున్నే కొట్టు తీస్తుంటే వాళ్ళమ్మాయి పరుగెత్తుకొచ్చి, "బాబాయిగారూ, నాన్న లేవట్లేదండీ" అంది. నేను వెళ్ళేసరికే అంతా అయిపోయింది.

ఆయన ఫారెస్టు గార్డుగా రిటైరయ్యి, కోరుకొండలో మా పక్కన ఇల్లు కట్టుకున్నారు. నాది స్టీలు సామాన్ల కొట్టు. అడవితో నాకేం పని? అయినా ఆదివారం సాయంత్రాలు నన్ను బండెక్కించుకుని, గోకవరం అవతల తాను పనిచేసిన అడవి అంచుకు తీసుకెళ్ళేవారు, గబ్బిలాలను చూడటానికి.

"వీటిమీద ఏంటండీ మీకింత ఇది?" అని ఒకసారి అడిగాను.

బండికి స్టాండు వేసి చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, టేకు బాగా ఎదగాలని అక్కడి తుప్పలన్నీ కొట్టించారట. వాటితోపాటు ఎండిన చెట్లూ, తొర్రచెట్లూ. ఒక ముసలి చెట్టు కూలగానే తొర్రలోంచి గబ్బిలాలు పట్టపగటి వెలుతురులోకి చెదిరిపోయాయట. కొన్ని పొట్టకు కరుచుకున్న పిల్లలతోనే ఎగిరాయట.

"ఆర్డరు ప్రకారమే చేశానండి. అవి ఎక్కడికి పోవాలో ఆర్డర్లో ఉండదు కదా."

అప్పట్నుంచి ఆ చోటును గమనిస్తూనే ఉన్నారు. మొదటి రెండేళ్ళూ ఎక్కడినుంచో వేరే గబ్బిలాలు పురుగుల కోసం వచ్చేవి. తుప్పలు మళ్ళీ అల్లుకునేసరికి అవీ తగ్గాయి.

"తుప్పలు కొడితే ఎగరడానికి దారి దొరుకుతుందండి. మరి ఉండటానికి ఇల్లుండద్దా? తొర్ర పడాలంటే చెట్టు ముసలిదవ్వాలి. దానికి నా సర్వీసు చాలదు."

రిటైరయ్యే ముందు మళ్ళీ చెట్లు పలచన చేయించారు. సగం ఎండి తొర్రపడ్డ ఒక మద్దిచెట్టును కొట్టెయ్యడానికి ఆఫీసరు గుర్తు పెట్టమంటే, ఈయన కదల్లేదు. "నాకు మెమో ఇవ్వండి సార్. చెట్టు మాత్రం ఉంచండి." మెమో వచ్చింది. చెట్టు మిగిలింది.

ఏళ్ళ తరబడి ఆ చెట్టు ముందు నిలబడ్డాం. తొర్ర ఖాళీ. నేను విసుక్కుంటే, "తొందరేముందండి" అనేవారు.

పోయిన వానాకాలం, ముసురు వెలిసిన ఒక సాయంత్రం, తొర్ర అంచున ఏదో కదిలింది. ఒక గబ్బిలం జారి గాల్లోకి తేలింది. వెనకే ఇంకోటి. ఆయన నా భుజం పట్టుకున్నారు. లెక్కపెట్టడం మొదలెట్టి మధ్యలోనే మానేశారు.

"ఆ పాతవాటి పిల్లల పిల్లలేనంటారా?" అని అడిగారు.

"నాకేం తెలుసండీ?"

"నాకూ తెలీదండి" అని నవ్వారు.

చీకటి పడి చెట్టే కనబడకుండా పోయింది. ఆయన మాత్రం తల దించలేదు.