మేవిస్ మోగించని గంట

ఎరను ఎంచడమంటే నాచును చదవడమేనని అర్విడ్ కోస్కి తరచు అనేవాడు. ఎరల పెట్టె తెరిచి, రంగులు చూసి మురిసిపోయే వేటగాళ్ళంటే అతనికి జాలి. ముందు పడవ అంచుమీదుగా వంగి నీళ్ళలోకి చూడాలి. నాచు కొసలు మోచేతి లోతున ఉన్నాయా, అరచేతి లోతుకు ఎదిగి వచ్చాయా, చలికి చచ్చి అడుగుకు వాలిపోతున్నాయా అన్నది కనిపెట్టాలి. ఆ తరువాతనే పెట్టెలో చెయ్యి పెట్టాలి.

అర్విడ్ పెట్టెలో ఎరలుగా వాడే కొయ్యచేపలన్నీ అతను స్వయంగా చెక్కినవే. దేవదారుతో చెక్కినవి తేలిక. గాలపుకర్ర కుదిపితే మునిగి, ఆపితే తేలుతాయి. మేపుల్ కర్రతో చెక్కినవి బరువు. కుదిపినప్పుడల్లా కుడికీ ఎడమకీ జారి, ఆపితే నెమ్మదిగా అడుగుకు దిగుతాయి. ప్రతి దాని పొట్టకూ తూటు పొడిచి, సీసం కరిగించి పోసి, కొట్టం వెనుక వాననీటి పీపాలో వదిలి, అది తేలే తీరునూ మునిగే తీరునూ బంగారం తూచే కంసాలివలె చూసేవాడు. విస్కాన్సిన్ ఉత్తరపు కొసన, ఫర్నెస్ సరస్సు ఒడ్డున, మస్కీ అనే పెద్ద వేటచేపకోసం పడవెక్కే ప్రతివాడి పెట్టెలోనూ అర్విడ్ చెక్కిన చేప ఒకటైనా ఉండేది.

చెక్కేది అర్విడ్, రంగు వేసేది అతని భార్య మేవిస్. పాత కిటికీ జాలితెర ఒకటి కొయ్యమీద బిగించి, ఆ అల్లిక కన్నాలగుండా రంగు చిమ్మి, తెర తీసేసరికి నిజమైన పొలుసులు దిగేవి. వేసవి విడిదిలో వంటపనికి వచ్చిన పిల్ల ఆమె. పెళ్ళయిన ఏడాదే పడవ ముందుబల్లమీద కూర్చున్నది. నాటినుంచీ ఆ చోటు మారలేదు. వెనుకబల్ల అర్విడ్‌ది. మోటారు అతనిది, పెట్టె అతనిది. నాచును చూసి, ఎరను ఎంచి, ముందుకు అందించేవాడు. మేవిస్ అందుకొని తగిలించుకొనేది. ఆమెకు నచ్చినదేదని అతను అడిగిన పాపాన పోలేదు.

"కాస్త తేలికైనది ఇవ్వరాదూ, భుజం లాగేస్తోంది" అని ఆమె ఎప్పుడైనా అన్నా,

"పెద్ద చేపకి పుల్లముక్క చూపిస్తే నవ్విపోతుంది, మేవిస్" అనేవాడు.

అది ఎగతాళి కాదు, అతని నమ్మకం. బరువైన మేపుల్ కొయ్య తనకు వచ్చినంత వాటంగా ఆమెకూ వస్తుందనీ, అదే ఆమెకు చేపను తెచ్చిపెడుతుందనీ మనసారా నమ్మాడు. ఏళ్ళ తరబడి ఆమె అతని నమ్మకాన్నే విసిరింది. అదే ఆమె భుజాన్ని తిరగలివలె అరగదీసింది.

ఊళ్ళో చెట్ బ్రూగెమాన్ నడిపే బారులో, పాత కలపరైలునుంచి ఊడదీసిన ఇత్తడి గంట ఒకటి వేలాడేది. మస్కీని పట్టి, మళ్ళీ నీళ్ళలో వదిలినవాళ్ళు ఆ సాయంత్రం వచ్చి ఆ గంట మోగించాలి. అయితే చేప తగిలినప్పటినుంచి వలలో పడేదాకా కర్రమీద మరొకరి చెయ్యి పడకూడదు. పడిందా, ఆ చేప అనాథ. దాని పేర గంట లేదు. ఈ కట్టుబాటును ఎవరూ ఎక్కడా రాయలేదు, ఎవరూ తప్పలేదు. అర్విడ్ మోగిస్తే బారులో ఎవరూ తల కూడా తిప్పరు. అది అంత మామూలు. మేవిస్ మాత్రం ఎన్నడూ మోగించలేదు. చేపలు వెంటపడేవి, తగిలేవి, తప్పించుకొనేవి.

"మేవిస్, ఈ శుక్రవారమన్నా మోగిస్తావా, లేక తుప్పు పట్టనిస్తావా?" అని చెట్ వేయించిన చేపల పళ్ళెం ముందు పెడుతూ అడిగేవాడు.

"ఇత్తడికి తుప్పు పట్టదులే చెట్. నీ తలకాయకే పడుతోంది."

నవ్వేవాళ్ళు. ఆ నవ్వు ముగిశాక ఆమె చూపు ఒకసారి గంటమీదికి పోయి వచ్చేది. అర్విడ్ దాన్ని చూసేవాడు. ఆ గంటను ఆమె చేత మోగించాలన్న పట్టుదల అతనికి ఆమెకన్న ఎక్కువగా ఉండేది. ఆ పట్టుదలే తరువాత అతని పాలిట ముల్లయింది.

ఒక ఏడు వైద్యుడు తేల్చి చెప్పాడు. ఆకు రాలగానే కుడిభుజానికి కోత. అటుపైన గాలపుకర్ర ముట్టడానికి వీలులేదు. తిరిగి వస్తూ కారులో మేవిస్, "సెప్టెంబరులో ఒక్కసారి వెళ్దాం. అదే ఆఖరు" అన్నది.

వాళ్ళు బయలుదేరిన శుక్రవారం ఉదయం ఆకాశం మబ్బుగా ఉన్నది. టీ రంగు నీళ్ళమీద సన్నని గాలి. సెప్టెంబరు కదా, నాచు వాలిపోయి ఉంటుందని అర్విడ్ ఇంటి దగ్గరే నిర్ణయించుకొన్నాడు. జీవితమంతా ఊరికి చెప్పిన మాటను ఆనాడు తానే మరిచాడు. నీళ్ళలోకి వంగి చూడలేదు. నల్లని వీపు, నారింజ పొట్ట ఉన్న మేపుల్ కొయ్యను తీసి ముందుకు అందించాడు.

మేవిస్ విసిరింది, కుదిపింది. ఎర బదులు గడ్డిమోపు తిరిగి వచ్చింది. మళ్ళీ విసిరింది, మళ్ళీ మోపే. ఆ ఏడు వెచ్చదనం పోక, అక్కడివాళ్ళు క్యాబేజీ అని పిలిచే వెడల్పాకుల నాచు ఇంకా పచ్చగా, నీటి పైభాగానికి అరచేతి దూరంలో నిలిచి ఉన్నది. నాచు పీకి పీకి ఆమె ముఖం వాడింది.

"కూరగాయల కొట్టు పెడదామా ఏంటి?" అన్నది వెనక్కి తిరక్కుండానే.

"ఇంకోటి ఇస్తా ఉండు. దాని తోకకున్న రేకు కాస్త పైకి వంచితే..."

"రేకూ వద్దు, నువ్వూ వద్దు. ఆ పసుపుది ఇవ్వు."

"ఏ పసుపుది?"

"పెట్టె అడుగున పారేశావే, అది."

అది దేవదారుది. సీసం తక్కువ పడి, ఆపీ ఆపగానే బెండులా పైకి లేస్తున్నదని అర్విడ్ తోసిపుచ్చినది. పారవేయబోతే మేవిస్ తీసుకొని, ఒక చలికాలమంతా తీరికగా పసుపు మీద ఆకుపచ్చ చారలు దిద్దింది. అతను ఆమె భుజంకేసి చూసి, అందించాడు.

పసుపు కొయ్యచేప నీళ్ళలో పడింది. కుదిపితే బుడుంగున మునిగింది. నాచు కొసను తాకీ తాకకముందే పైకి లేచింది. ఆకు ఒక్కటి తగులుకోలేదు. మేవిస్ చిన్నగా నవ్వింది. ఆ ఎర తేలిక గనుక ఆమె చెయ్యి మణికట్టుతోనే ఆడుతున్నది, భుజం కదలడం లేదు. అర్విడ్ చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళూ ఆమెకు చెయ్యి తిరగదనుకొన్నాడు. తిరగనిది చెయ్యి కాదు, తాను అందించిన కొయ్య.

"వెనకాల" అన్నది మేవిస్ గుసగుసగా.

పసుపు ఎర వెనుక పొడవైన గోధుమరంగు నీడ ఒకటి వస్తున్నది. తొందరా లేదు, భయమూ లేదు. మస్కీ వేటలో పడవ పక్కకు చేరిన ఎరను పైకి లాగరు. కర్ర కొసను నీళ్ళలో ముంచి, రెండు సున్నాలు అతికించి గీసినట్లు తిప్పుతారు. మేవిస్ వంగి తిప్పింది. మొదటి మలుపులో చేప కూడా తిరిగింది. రెండవ మలుపులో నోరు తెరిచింది.

కర్ర విల్లయింది. మేవిస్ "అమ్మా!" అన్నది. అది భుజం పెట్టిన కేక.

అర్విడ్ ఎప్పుడు లేచాడో అతనికే తెలియదు. పడవ అటూ ఇటూ ఊగింది. అతని రెండు చేతులూ ఆమె చేతులకు పైన కర్రను పట్టుకొన్నాయి; పట్టుకొన్న ఊపులోనే వెనక్కి లాగి, గాలపుముళ్ళను చేప దవడలో నాటాయి.

"వదులు!" అన్నది మేవిస్.

అతను వదలలేదు.

"అర్విడ్, వదులు! పట్టుకునే ఉన్నాగా!"

అప్పుడు వదిలాడు. కాని వదిలినా ఒకటే, వదలకున్నా ఒకటే. ఆమె మిగిలిన పోరాటమంతా తానే ముగించి, చేపను పక్కకు తెచ్చింది. అతను వల పట్టాడు. ముళ్ళు ఊడదీసి, తోక దగ్గర పట్టి నీళ్ళలో ఉంచితే, అది ఊపిరి కూడగట్టుకొని, తోక విదిలించి నాచులోకి వెళ్ళిపోయింది. అంత చేపను ఆ సరస్సులో వాళ్ళు అరుదుగా చూశారు.

"జారిపోయేది, మేవిస్" అన్నాడు అర్విడ్.

"జారిపోతే నా చేప జారిపోయేది" అన్నది ఆమె. "ఇప్పుడు పట్టుకున్నదెవరిది?"

అర్విడ్ తడి వలను మడిచి పడవ అడుగున పెట్టాడు.

సాయంత్రానికి వాళ్ళకన్న ముందే కబురు బారుకు చేరింది. ఒడ్డునుంచి ఎవరో వల ఎత్తడం చూశారట. తలుపు తీయగానే చెట్ పెద్దగా అరిచాడు.

"వచ్చింది మహారాణి! జరగండ్రా, దారివ్వండి! మేవిస్, గంట తాడు పట్టుకో!"

అందరూ బల్లలు చరిచారు. మేవిస్ కోటు విప్పి, కుర్చీ వీపుకు తగిలించి, కూర్చున్నది.

"అర్విడ్‌ని అడుగు" అన్నది.

ఒడ్డునుంచి వలను చూసినవాడు చేతులను చూసి ఉండడు. ఒక్క అబద్ధం చాలు. చెప్పడానికి అర్విడ్ నోరు తెరిచాడు కూడా. కాని మేవిస్ అతనివంక చూస్తున్నది. ఆ చూపులో వేడుకోలు లేదు, కోపం లేదు. ఇది కూడా నువ్వే నిర్ణయిస్తావా అన్నట్లున్నది. ఇప్పుడు గంట చేతికిచ్చినా, అదీ తాను ఎంచి అందించిన ఎరలాంటిదే అవుతుందని అతనికి తోచింది.

"నేను కర్ర పట్టుకున్నాను" అన్నాడు.

"ఒక్క క్షణమేగా..." అని చెట్ గొణిగాడు.

"క్షణమైనా చెయ్యేగా" అన్నది మేవిస్. "చేపలు చల్లారిపోతున్నాయి, పళ్ళెం తీసుకురా చెట్. నాకు బ్రాందీ కూడా."

కోత జరిగింది. భుజం కుదుటపడింది గాని, చెయ్యి చెవిదాకా లేవడం మానింది. ఆ చలికాలం అర్విడ్ కొట్టంలో దేవదారు తప్ప మరొకటి చెక్కలేదు. తేలికైనవి, అరచేతిలో ఇమిడేవి. పీపాలో వదిలితే అవి బెండుల్లా పైకి లేచేవి. వాటిని చూస్తూ చాలాసేపు నిలబడేవాడు. మేవిస్ తెర బిగించి, ఎడమచేత్తో రంగు వేసింది.

మరుసటి వేసవిలో పడవలో చోట్లు మారాయి. వెనుకబల్లమీద మేవిస్, ముందుబల్లమీద అర్విడ్. నీళ్ళలోకి వంగి చూసేది ఆమె. పెట్టె ఆమె ఒళ్ళో ఉన్నది. ఏది అందిస్తే అతను అదే విసిరేవాడు. తనకు తప్పని తోచినా మారుమాట అనేవాడు కాదు. చాలాసార్లు ఆమె ఎంపికే సరిపోయేది.

ఆగస్టులో ఒకనాడు ఆమె పసుపుదాన్ని అందించింది. మధ్యాహ్నం దాటాక దానికి మస్కీ తగిలింది. అర్విడ్ కర్ర నిలబెట్టి వెనక్కి తిరిగాడు.

"మేవిస్, ఒక్కసారి దీనిమీద చెయ్యి వెయ్యి."

"ఎందుకు? గంట తప్పించుకుందామనా?"

"వెయ్యి. ఒక్క క్షణం."

ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొన్నది. "ఒకళ్ళ చేపని పాడుచేసే అలవాటు నాకు లేదు అర్విడ్. ముందుకి చూడు, దారం సడలుతోంది."

అతను ముందుకు తిరిగాడు. చేపను ఒంటరిగానే పక్కకు తెచ్చాడు. ఆమె వల పట్టింది. ఆ సాయంత్రం చెట్ గంటవైపు కనుబొమలు ఎగరేశాడు. అర్విడ్ గంట తాడు ముట్టకుండా దాని పక్కనుంచే నడిచివెళ్ళి, మేవిస్ కుర్చీ లాగి, ఆమె కోటు విప్పబోయాడు.

"నేను విప్పుకుంటా" అన్నది ఆమె.

అతను చేతులు వెనక్కి తీసుకొని, ఆమె ఒంటిచేత్తో కోటు విప్పుకోవడం ముగిసేదాకా నిలబడ్డాడు.