రుమాలు చూసి చిందేసిన వర్లీన్

వర్లీన్ డుప్లెసీకి ఒక్క వాయిద్యమూ రాదు. ఆవిడ పాట అందుకుంటే పక్కింటి కుక్క లేచి వేరే అరుగు చూసుకునేది. అయినా ట్రెమే పేటలో బ్యాండు వాళ్లు అందరికంటే ఎక్కువ భయపడేది ఆవిడకే. వాయించేవాళ్లు మన వీధికి పది మంది ఉన్నారు, వినేవాళ్లే లేరు అనేది వర్లీన్. జనం వస్తారు, తింటారు, తాగుతారు, ఫోను పైకెత్తి పట్టుకుంటారు. వినడం వేరే పని. ఆ పని ఆవిడ నలభై ఏళ్లు శ్రద్ధగా చేసింది.

పొట్టకూటికి చేసింది మాత్రం ఆసుపత్రి లాండ్రీలో. ముప్ఫై ఒక్క ఏడు, దుప్పట్లు పిండే యంత్రాల మధ్య. ఆ హోరులో ఉప్పు అందుకో అనాలన్నా అరవాల్సిందే. అందుకని బయటికొచ్చాక కూడా ఆవిడ గుసగుస నాలుగిళ్లకి వినపడేది. ఆవిడకి రహస్యం చెప్పిన వాళ్లు ఎవరూ రెండోసారి చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం వర్లీన్ తలుపు తట్టినవాడిది బుద్ధి తక్కువ. ఏదో ఒక క్లబ్బు ఊరేగింపు ఉండనే ఉంటుంది. క్లబ్బు వాళ్లూ బ్యాండూ నడిచేది మొదటి వరస. వాళ్ల వెనక గొడుగులు తిప్పుకుంటూ, రుమాళ్లు ఊపుకుంటూ నడిచే జనం రెండో వరస. వర్లీన్ రెండో వరస మనిషి. ఒకసారి ఓ క్లబ్బు వాళ్లు ముచ్చటపడి ముందుకి రమ్మని పిలిస్తే, "ముందు నడిస్తే నా వీపుకి వినపడుతుంది, నాకు కాదు" అని వెనక్కి వచ్చేసింది.

వసంతంలో గుర్రప్పందేల మైదానంలో జరిగే పెద్ద సంగీతం పండక్కి మాలీ నుంచీ హైతీ నుంచీ బ్రెజిల్ నుంచీ బ్యాండ్లు దిగుతాయి. అప్పుడు వర్లీన్ సొంత పేట వాళ్ల ముఖం చూడదు. "మిమ్మల్ని వచ్చే వారం కూడా వింటాను, వాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారో" అని, మడతకుర్చీ, వేయించిన కోడి డబ్బా పట్టుకుని పొద్దున్నే ఆ దూరం వాళ్ల గుడారం ముందు చేరేది. పక్కన చిన్ననాటి స్నేహితురాలు ఒనీటా. ఒక ఏడు మాలీ పెద్దాయన ఒకరు ఎండిన సొరకాయ బుర్రకి తీగలు కట్టిన వాయిద్యం గంటసేపు వాయించాడు.

"నాకు నిద్రొస్తోందే" అంది ఒనీటా.

"పడుకో. గురక మాత్రం తాళంలో పెట్టు."

ఆ పెద్దాయన ముగించాక వర్లీన్ లేచి నిలబడి, "ఈయన మన వీధివాడేనే, పొరపాటున అక్కడ పుట్టాడు" అంది. అంతకు మించిన బిరుదు ఆవిడ దగ్గర లేదు.

ఆవిడ అసలు కొలువు మాత్రం శనివారం మధ్యాహ్నాలు, పేట సంఘం హాల్లో, మూడో బెంచీ మీద. అక్కడ లూసియన్ మెటోయే ట్రంపెట్ వాయించేవాడు. పాట అయ్యాక చప్పట్లు కొట్టే నూరు మందినీ వదిలేసి అతని చూపు మూడో బెంచీకి వచ్చేది. వర్లీన్ ఒక్కసారి తల ఊపితే తర్వాతి పాట. చేతులు కట్టుకుని కూర్చుంటే, "ఇంకోసారి" అని బ్యాండుకి చెప్పి అదే పాట మళ్లీ మొదలుపెట్టేవాడు. లూసియన్ కొడుకు టెరెన్స్ అదే బ్యాండులో చిన్న డ్రమ్ము వాయించేవాడు. వాడు నలభయ్యో ఏట కూడా మూడో బెంచీ వైపు తలెత్తి చూడ్డానికి జంకేవాడు.

లూసియన్ భార్య ఎర్మా ఏనాడూ హాలుకి రాలేదు. ఇంట్లో పొద్దస్తమానం వినేదాన్ని మళ్లీ బెంచీ మీద కూర్చుని వినాలా అనేది. వర్లీన్ పేరెత్తితే ఎర్మా మూతి మూడు వంకరలు పోయేది. "నా గంబో పులుసులో ఉప్పెక్కువైందని నాకు ధైర్యంగా చెప్తాడు. అదేమో తల ఊపలేదంటే మంచమెక్కుతాడు" అని కూరగాయల దుకాణంలో నలుగురి ముందూ అనేసింది. ఆ మాట సాయంత్రానికి వర్లీన్‌కి చేరింది. వర్లీన్ మహా సంబరపడింది.

ఇలా గొప్పగా సాగుతున్న బతుకులోంచి ముందు తాళాలు పోయాయి. రెండేళ్ల కిందట ఒక శనివారం, ఇత్తడి తాళం మీద కర్ర పడటం కనపడింది కానీ చప్పుడు రాలేదు. కుర్రాడు మెల్లిగా కొడుతున్నాడనుకుంది. తర్వాత క్లారినెట్ సన్నబడింది. ఆపైన ట్రంపెట్ పక్క గదిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినపడసాగింది. బొంగురు గొంతు ట్యూబా బాకా, పెద్ద డ్రమ్ము మాత్రం కాళ్ల కిందనుంచి ఎక్కి కడుపులో మోగేవి. లాండ్రీ యంత్రాలు ముప్ఫై ఒక్క ఏళ్లు చేసిన పని ఇన్నాళ్లకి బయటపడిందన్నమాట.

వర్లీన్ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆవిడకి బాగా తెలుసు. హాలు మెట్లు దిగుతుంటే పేటంతా ఆవిణ్ణి అడిగేది, "మిస్ వర్లీన్, ఇవాళ ఎలా ఉంది?" అని. లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టిన మనిషిని ప్రపంచంలో ఇంకెవరూ ఏ విషయంలోనూ అభిప్రాయం అడగలేదు. చెవిటిదని తెలిస్తే ఇక్కడా అడగరు. జాలిపడి ముందు బెంచీలో కూర్చోబెడతారు. అంతకంటే చావు నయం అనుకుంది.

అందుకని కళ్లతో వినడం మొదలుపెట్టింది. లూసియన్ బుగ్గలు ఎంత నిండాయి, ట్యూబా వాడి కనుబొమలు ఎప్పుడు లేచాయి, ముందు బెంచీ వాళ్ల భుజాలు ఎలా కదిలాయి, అన్నీ చూసి లెక్కగట్టి తల ఊపేది. నలభై ఏళ్ల అనుభవం కాబట్టి చాలాసార్లు సరిపోయేది.

ఒనీటాకి అనుమానం రానే వచ్చింది. "ఏమే, నీ టీవీ మా వంటింట్లోకి వినపడుతోంది. ఒకసారి చెవులు చూపించుకోరాదూ?"

"నా చెవులకేం? నువ్వు నీ నోరు చూపించుకో, ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది."

ఆ వేసవిలో లూసియన్‌కి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఆఖరిసారి హాలుకొచ్చిన శనివారం కుర్చీలో కూర్చుని ఒకే ఒక్క పాట వాయించాడు, నెమ్మదైన పాట. వర్లీన్‌కి ఒక్క స్వరం కూడా అందలేదు. ట్యూబా కూడా అతని కోసం తగ్గించి వాయించడంతో కాళ్ల కింద నేల సైతం మూగబోయింది. జనం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, వాళ్ల భుజాలు ఏమీ చెప్పలేదు. పాట అయ్యాక లూసియన్ మూడో బెంచీ వైపు చూశాడు. వర్లీన్ తల ఊపింది. వెళ్తూ వెళ్తూ అతను ఆవిడ దగ్గర ఆగి, "ఎలా ఉంది?" అని అడిగాడు. పెదవులు చూసి అర్థం చేసుకుంది.

"బాగుంది" అంది.

ఆరు వారాలకి లూసియన్ పోయాడు. ఆ ఆరు వారాలూ ఆ "బాగుంది" వర్లీన్ గొంతులో ముల్లులా ఉండిపోయింది. నలభై ఏళ్లలో ఆవిడ అతనికి నోరు తెరిచి అబద్ధం చెప్పింది అదొక్కటే.

అక్టోబరు శనివారం పొద్దున పది గంటలకి శవయాత్ర బయల్దేరింది. బ్యాండు సంతాపం పాట ఎత్తుకుంది. అడుగు వేసి ఆగాలి, మళ్లీ అడుగు వేసి ఆగాలి. వర్లీన్ నల్లగౌను వేసుకుని, అంచుకి పూసలు కుట్టిన గొడుగు ముడిచి పట్టుకుని, ఒనీటా పక్కన రెండో వరసలో నడిచింది. ముడిచిన గొడుగు ఎప్పుడు విప్పాలో ఆ పేటలో పసిపిల్లలకీ తెలుసు. కొంతదూరం పోయాక శవం బండి శ్మశానం వైపు మళ్లిపోతుంది, బ్యాండు పక్కకి తప్పుకుంటుంది. దాన్నే వదలడం అంటారు. వదిలాకే హుషారు పాట, వదిలాకే గొడుగులు, వదిలాకే చిందులు.

ఆ ఘడియ చెవికి తెలుస్తుంది. చిన్న డ్రమ్ము అడుగున సన్నటి తీగలుంటాయి. సంతాపం పాటకి అవి గలగలమనకుండా డ్రమ్ము వాడు వాటి మధ్య రుమాలు దోపుతాడు. వదిలాక ఆ రుమాలు లాగేసి తీగలు ఘల్లుమనేలా ఒక్క వాయింపు వాయిస్తాడు. ఆ వాయింపు వర్లీన్‌కి వినపడి రెండేళ్లయింది. ఆవిడ కనిపెట్టుకుని ఉండేది రుమాలునే.

మలుపు దగ్గర జనం కాస్త పలచబడ్డారు. టెరెన్స్ వీపు కనపడింది. అతని మోచెయ్యి కిందికి దిగింది, తెల్లగుడ్డ పైకి వచ్చింది.

వర్లీన్ గొడుగు విప్పి, "హేయ్!" అని పెద్ద కేక పెట్టి, డెబ్భై ఏళ్ల మోకాళ్లు నడుమెత్తు లేపి ఎగిరింది.

ఎగిరింది ఆవిడొక్కతే. టెరెన్స్ లాగింది డ్రమ్ములో రుమాలు కాదు, జేబులోది. తండ్రి కోసం ఏడుస్తూ ముఖం తుడుచుకుంటున్నాడు పాపం.

"ఇంకా వదల్లేదు!" లూసియన్ తమ్ముడి కూతురు వెనక్కి తిరిగి అరిచింది. "మా పెదనాన్న ఇంకా ఇక్కడే ఉన్నాడు, కనపట్లేదా?"

బయటి ఊరి వాళ్లకి ఆ రుమాలు సంగతే తెలియదు కాబట్టి వాళ్లు ఈ తప్పు చెయ్యనైనా చెయ్యలేరు. ట్రెమేలో పుట్టి పెరిగిన మనిషి చేసిందంటే, పోయినవాణ్ణి వీధిలోంచి మెడపట్టి గెంటినట్టే లెక్క. ఒకాయన టోపీ తీసి గుండెకి ఆనించుకుని వర్లీన్ వైపు పురుగును చూసినట్టు చూశాడు. ఒనీటా గొడుగు లాక్కుని ముడిచేసింది. వర్లీన్‌కి కేకలు వినపడలేదు, ముఖాలు కనపడ్డాయి. అంతకంటే ఏం కావాలి? పక్క సందులోకి తప్పుకుని ఇంటికి పోదామనుకుంది కానీ కాళ్లు రాలేదు.

సంఘం హాలు ముందు శవం బండి ఆగింది. లూసియన్‌కి అక్కడ రెండు నిమిషాలు ఆగే మర్యాద ఉంది. వెనక కారు తలుపు తెరుచుకుని ఎర్మా దిగింది. తిన్నగా రెండో వరసలోకి వచ్చింది. జనం దారి ఇచ్చారు.

"ఎర్మా, దాన్ని ఏమీ అనకు" ఒనీటా అడ్డం వచ్చింది. "దుఃఖంలో మతి పోయింది. అది తెలివిలో లేదు."

ఎర్మా ఒప్పుకునేదే. దుఃఖానికి ఆ ఊళ్లో ఎన్ని తప్పులైనా మాఫీ. వర్లీన్ నోరు మూసుకుని నిలబడితే చాలు, వచ్చే శనివారం మూడో బెంచీ ఆవిడదే.

"మతి బాగానే ఉంది" అంది వర్లీన్, ఒనీటా పెదవులు చూసి. ఆవిడ మెల్లిగానే అన్నాననుకుంది, వీధి ఆ చివరిదాకా వినపడింది. "చెవులు పోయాయి. రెండేళ్లయింది. ఆఖరి రోజు లూసియన్ ఎలా ఉందని అడిగితే బాగుందన్నాను. నాకు ఒక్క ముక్క వినపడలేదు, ఎర్మా. చావబోయేవాడికి అబద్ధం చెప్పాను."

ఎర్మా ఆవిడ గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుంది, పెదవులు కనపడేలా.

"ఆ రోజు ఏం బాలేదు" అంది. "ఊపిరందక సగం స్వరాలు మింగేశాడు. ఇంటికొచ్చి తనే చెప్పాడు. నీకు వినపడదనీ ఆయనకి తెలుసు."

"ఎప్పటినుంచి తెలుసు?"

"ఏడాదైంది. ఒక పాటలో కావాలనే తప్పు స్వరం వేశాడట, నువ్వు తల ఊపావట. ఇంటికొచ్చి ఆ పూట అన్నం ముట్టలేదు. ఎవరితోనూ అనకు అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు, దండగ పనికి. లూసియన్ ఏడాదిపాటు తెలిసే ఊదాడు.

"మరి ప్రతి పాటకీ నావైపు ఎందుకు చూశాడే?" అని అడిగింది వర్లీన్.

"నేనూ అదే అడిగా. చెవిటిదాని వైపు చూడ్డమేంటి, ముందు బెంచీలో నిక్షేపంలాంటి చెవులున్నవాళ్లు కూర్చుంటారుగా, వాళ్లని చూడు అన్నా. 'వినపడేవాళ్లు రావడంలో ఏముంది ఎర్మా? అది వినపడకపోయినా వస్తోంది' అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నలభై ఏళ్లలో నేను ఒక్కసారైనా వెళ్లలేదు కదా."

వర్లీన్ నడివీధిలో భోరున ఏడ్చింది. ఎర్మా కూడా ఏడ్చింది. ఒనీటా ఇద్దరి వంకా చూసి, తన వంతు కూడా ఏడ్చింది.

బండి కదిలింది. ఎర్మా మళ్లీ కారెక్కలేదు. వర్లీన్ మణికట్టు పట్టుకుని ముందుకు లాగింది.

"నాది రెండో వరస" అంది వర్లీన్.

"ఈ ఒక్క పూటకి నోరు మూసుకుని నడు."

ఇద్దరూ బ్యాండు వెనకే నడిచారు. హైవే వంతెన దాటాక శవం బండి ఎడమకి మళ్లింది. బ్యాండు కుడికి తప్పుకుంది. ఎర్మా కదలకుండా నిలబడి, బండి కనుమరుగయ్యేదాకా చూసింది. టెరెన్స్ డ్రమ్ములోంచి రుమాలు లాగాడు. అది వర్లీన్‌కి స్పష్టంగా కనపడింది. అయినా ఆవిడ ఎగరలేదు. ఎర్మా వేళ్లు తన మణికట్టు మీద గట్టిగా నొక్కేదాకా ఆగి, అప్పుడు గొడుగు విప్పింది.